జెపర్డీనా, ప్రైస్ ఈజ్ రైటా, వీల్ ఆఫ్ ఫార్చ్యూనా? రికార్డులు చూసి ఏ షోకి అప్లై చేయాలి

అమెరికా టీవీ గేమ్ షోల రికార్డు గెలుపులు ఒకచోట పెట్టి చూస్తే కళ్లు చెదురుతాయి. ఒకతను కోటి డాలర్లు పట్టుకెళ్లాడు. ఇంకొకతను ఇరవై ఏళ్లలో ఒకే షో నుంచి 49 లక్షల డాలర్లకు పైగా సంపాదించాడు. మరొకతను పదకొండు రోజుల పోటీలో 26 లక్షలు గెలిచాడు. డాలస్‌లోనో, ఎడిసన్‌లోనో, ఫ్రీమాంట్‌లోనో సోఫాలో కూర్చుని జవాబులు టకటకా చెప్పేసే మనవాళ్లకు "మనమూ ఒకసారి అప్లై చేస్తే ఏం పోయింది" అనిపించడం సహజం. నిజంగానే అప్లై చేయండి, పోయేదేమీ లేదు. కాకపోతే రికార్డు అంకె పెద్దగా ఉంది కదా అని షో ఎంచుకుంటే మోసపోతారు. ఆ రికార్డు ఏ నిబంధన వల్ల వచ్చింది, ఆ నిబంధన ఇప్పటికీ ఉందా, అది మీ బలానికి పనికొస్తుందా అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే ఎంపిక దానంతట అదే తేలుతుంది.

ముందు ఆ పెద్ద అంకెలు ఎలా పుట్టాయో చూద్దాం.

ఒకే దెబ్బకు వచ్చిన డబ్బు ఒక రకం. "హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్" అమెరికాలో 1999 ఆగస్టులో మొదలైంది. మన "మీలో ఎవరు కోటీశ్వరుడు", హిందీ "కౌన్ బనేగా కరోడ్‌పతి" అన్నిటిదీ అదే మూసే. ఆ ఏడాది నవంబరు 19న ప్రసారమైన ఎపిసోడ్‌లో జాన్ కార్పెంటర్ అక్కడ మొదటి మిలియనీర్ అయ్యాడు. ఆయన ఉద్యోగం ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్‌లో. చివరి ప్రశ్న దాకా ఒక్క లైఫ్‌లైన్ కూడా వాడలేదు. చివరి ప్రశ్న "లాఫ్-ఇన్" అనే టీవీ కార్యక్రమంలో కనిపించిన అధ్యక్షుడెవరని. అప్పుడు వాళ్ల నాన్నకు ఫోన్ కలపమన్నాడు. సాయం కోసం కాదు, "నాన్నా, నేను మిలియన్ గెలవబోతున్నాను, చెబుదామని చేశాను" అనడానికి. జవాబు నిక్సన్. ఇరవై ఐదేళ్లు దాటినా ఆ క్లిప్ చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

అదే షోలో తర్వాత ఒక దశలో చాలాకాలం ఎవరూ మిలియన్ గెలవకపోవడంతో నిర్వాహకులు ఎపిసోడ్‌కి పది వేల డాలర్ల చొప్పున బహుమతి పెంచుకుంటూ పోయారు. 2001 ఏప్రిల్ 10న కెవిన్ ఓమ్‌స్టెడ్ దాన్ని కొట్టేసరికి అది 21.8 లక్షల డాలర్లకు చేరింది. పెద్ద ఎత్తున తయారైన మొదటి హెలికాప్టర్‌ను రూపొందించింది ఎవరన్నది ఆయనకొచ్చిన చివరి ప్రశ్న. ఇగోర్ సికోర్‌స్కీ అన్నాడు, రికార్డు కొట్టాడు. ఆయన తెలివిని తక్కువ చేయడం లేదు. కానీ ఆయన ఆరు నెలల ముందు అదే జవాబు చెప్పి ఉంటే వచ్చేది పది లక్షలే. మిగతా 11.8 లక్షలు క్యాలెండర్ ఇచ్చింది.

2013లో ఎన్‌బీసీ చానల్ "ది మిలియన్ సెకండ్ క్విజ్" అని న్యూయార్క్‌లో పది లక్షల సెకన్ల పాటు, అంటే పదకొండు రోజులకు పైగా, ఆగకుండా పోటీ పెట్టింది. ఆండ్రూ క్రావిస్ అనే లా చదివిన కుర్రాడు 26 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ షో ఆ ఒక్క సీజన్‌తో సరి.

వరసగా గెలుస్తూ పోగేసుకున్న డబ్బు ఇంకో రకం. ఇక్కడ జెపర్డీ అనే క్విజ్ షోని మించినది లేదు. 2003కు ముందు ఆ షోలో ఎంతటి మొనగాడైనా ఐదు ఆటలు గెలిస్తే దండం పెట్టి పంపించేసేవాళ్లు. ఆ పరిమితి తీసేసిన మరుసటి ఏడాది కెన్ జెన్నింగ్స్ వచ్చాడు. 74 ఆటలు వరసగా గెలిచి 25,20,700 డాలర్లు తీసుకున్నాడు. అంతకు ముందు 2001లోనే ప్రశ్నల విలువ రెట్టింపు చేశారు. ఈ రెండు మార్పులూ జరగకపోయి ఉంటే జెన్నింగ్స్ ఐదో రోజునే ఇంటికి వెళ్లేవాడు, మనకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు. దీనికి రుజువు పక్కనే ఉంది. 2000లో బ్రాడ్ రట్టర్ ఐదు ఆటలూ గెలిచి 55,102 డాలర్లతో వెళ్లిపోయాడు. ఎంత బాగా ఆడినా అప్పటి నిబంధన ప్రకారం అంతే. తర్వాత చాంపియన్ల టోర్నమెంట్లకు పిలిచారు కాబట్టి 2002లో పది లక్షలు, 2005లో ఇరవై లక్షలు, 2014లో మళ్లీ పది లక్షలు గెలుచుకుని, మొత్తం మీద జెపర్డీ డబ్బులో జెన్నింగ్స్‌నే దాటేశాడు.

మూడోది స్ట్రీమింగ్ కాలపు డబ్బు. "బీస్ట్ గేమ్స్" మొదటి సీజన్‌లో వెయ్యి మంది పోటీపడ్డారు. 2025 ఫిబ్రవరిలో విజేత జెఫ్ అలెన్ కోటి డాలర్లు తీసుకెళ్లాడు. 50 లక్షలుగా ప్రకటించిన బహుమతి ఒక నాణెం ఎగరేయడంతో రెట్టింపైంది. దానికి ముందు 2023లో "స్క్విడ్ గేమ్: ది చాలెంజ్"లో మై వీలన్ 45.6 లక్షల డాలర్లు గెలిచింది. ఇవి వినడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. అయితే వెయ్యి మందిలో ఒకరికి కోటి వస్తే మిగతా వాళ్లలో ఎక్కువ మందికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. పైగా రోజుల తరబడి ఫోన్, ఉద్యోగం, ఇల్లు వదిలి ఉండాలి. ప్రాజెక్టు డెడ్‌లైన్లు, పిల్లల స్కూలు, వీసా వ్యవహారాలతో బతికేవాళ్లకు నేను ఇది చెప్పను.

పాత రికార్డులను ఇప్పటి డబ్బులోకి మార్చి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. 1950లలో టెడ్డీ నాడ్లర్ "64,000 డాలర్ చాలెంజ్" షోలో 2,64,000 డాలర్లు గెలిచాడు. ధరల పెరుగుదల లెక్కేస్తే ఇప్పుడది పాతిక లక్షల డాలర్లకు పైనే. జెన్నింగ్స్ మొత్తానికి తక్కువేమీ కాదు. ఆ కాలపు షోలలో కొన్నింటి మీద పెద్ద మచ్చ కూడా ఉంది. "ట్వంటీ వన్" షోలో 1,29,000 డాలర్లు గెలిచి దేశమంతా పేరు తెచ్చుకున్న చార్లెస్ వాన్ డోరెన్, ప్రశ్నలూ జవాబులూ ముందే ఇచ్చారని 1959లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్ షోలను ఇలా ముందే కుదుర్చుకుని నడపడం చట్టవిరుద్ధమైంది. ఈ రోజు మీరు వెళ్లే షోలో మీ ఎదుటివాడికి ప్రశ్నలు ముందే తెలిసి ఉండవని నమ్మకంగా ఆడగలుగుతున్నారంటే దాని వెనక ఈ చరిత్ర ఉంది.

తలుపు మూసేసినవి పక్కన పెట్టండి

మిలియనీర్ షో మనకు బాగా అలవాటైన ఆట. నాలుగు ఆప్షన్లు, ఆలోచించుకోవడానికి టైమ్, ఆగిపోదామంటే ఆగిపోవచ్చు. బజర్ టెన్షన్ లేదు. మన చదువుల పద్ధతికి ఇంతకంటే సరిపోయేది లేదు. కానీ 2020 నుంచి అమెరికాలో అది సెలబ్రిటీలు స్వచ్ఛంద సంస్థల కోసం ఆడే షోగా మారింది. మామూలు మనిషి హాట్ సీట్ కోసం అప్లై చేసే దారి లేదు. కాబట్టి ఓమ్‌స్టెడ్ రికార్డు చూసి ఊరించుకోవద్దు.

"డీల్ ఆర్ నో డీల్" కూడా అంతే, పాత రూపంలో ఇప్పుడు లేదు. కానీ బహుమతుల లెక్క ఎలా చదవాలో నేర్చుకోవడానికి దాన్ని మించిన ఉదాహరణ లేదు. 26 పెట్టెలు. ఒక సెంటు నుంచి పది లక్షల డాలర్ల దాకా. అన్నీ కూడి 26తో భాగిస్తే సగటు 1,31,477 డాలర్లు. అబ్బో అనిపిస్తుంది. ఇప్పుడు పెట్టెలను వరసగా పేర్చి చూడండి. సరిగ్గా 13 పెట్టెల్లో ఉన్నది 750 డాలర్లు లేదా అంతకంటే తక్కువ. అంటే మీరు పట్టుకున్న పెట్టెలో ఇంటి అద్దె కూడా రాకపోవడానికి సగానికి సగం అవకాశం ఉంది. ఏ షో గురించైనా సగటు గెలుపు ఇంత అని ఎవరైనా చెబితే, మధ్యలో నిలబడ్డ మనిషికి ఎంత వచ్చిందని అడగండి.

ఇప్పుడు మామూలు మనుషులకు తలుపు తెరిచి ఉండి, ఏళ్ల తరబడి నిలకడగా నడుస్తున్నవి ప్రధానంగా మూడు.

జెపర్డీ: చదివినవాళ్లకు, కానీ వేలు కూడా చురుగ్గా ఉండాలి

నా ఓటు ఎక్కువమంది విషయంలో దీనికే. గెలిచినంత కాలం మళ్లీ రమ్మనే షో ఈ మూడింటిలో ఇదొక్కటే. 38 ఆటలు గెలిచిన మాట్ అమోడియో 15,18,601 డాలర్లు, 40 ఆటలు గెలిచిన ఏమీ ష్నైడర్ 13,82,800 డాలర్లు తీసుకెళ్లారు. ఇద్దరూ గత కొద్దేళ్లలోని వాళ్లే. అంటే జెన్నింగ్స్ లాంటి గెలుపు ఏదో ఒకసారి జరిగిన వింత కాదు, నిబంధన ఇప్పటికీ అలాగే ఉంది.

అయినా జెపర్డీలో డబ్బు ఎలా వస్తుందో తెలియాలంటే చూడాల్సింది జేమ్స్ హోల్జ్‌హవర్ ఆటను. లాస్ వేగస్‌లో క్రీడల మీద పందాలు కాసి బతికే మనిషి. 2019లో 32 ఆటల్లో 24,62,216 డాలర్లు గెలిచాడు. జెన్నింగ్స్‌కి ఆటకు సగటున 34 వేలు వస్తే ఇతనికి దాదాపు 77 వేలు. ఇద్దరి విజ్ఞానంలో అంత తేడా లేదు, తేడా పందెంలో ఉంది. మిగతా వాళ్లు బోర్డు పైనుంచి 200 డాలర్ల ప్రశ్నతో మొదలుపెట్టి కిందికి దిగుతుంటే, ఇతను అడుగున ఉన్న వెయ్యి డాలర్ల ప్రశ్నలతో మొదలుపెట్టేవాడు. ముందే డబ్బు పోగేసుకుని, ఆ తర్వాత డెయిలీ డబుల్ (బోర్డులో దాగి ఉండే, నచ్చినంత పందెం కాయగలిగే ప్రశ్న) తగిలితే ఉన్నదంతా పణంగా పెట్టేవాడు. 2019 ఏప్రిల్ 17 ఎపిసోడ్ చూడండి: ఆఖరి పందెం ప్రశ్న అయిన ఫైనల్‌కి వచ్చేసరికి చేతిలో 71,114. అందులో 60,013 పందెం కాశాడు. జవాబు సరైంది, 1,31,127తో ఒక్క ఆట రికార్డు. అతను రాకముందు ఒక్క ఆట రికార్డు 2010లో రోజర్ క్రెయిగ్ పెట్టిన 77,000. హోల్జ్‌హవర్‌కి దాదాపు అది మామూలు రోజు సంపాదన.

మనవాళ్లు ఇందులో ఒక విషయం పట్టుకోవాలి. తెలియని సబ్జెక్టుల కోసం హోల్జ్‌హవర్ లావుపాటి గ్రంథాలు ముందేసుకోలేదు. లైబ్రరీలో పిల్లల పుస్తకాలు చదివాడు. బొమ్మలతో, చిన్న వాక్యాలతో ఉండే ఆ పుస్తకాలు జెపర్డీ అడిగే లోతుకు సరిగ్గా సరిపోతాయి. మనకు గట్టి పునాది ఉన్నవి సైన్సు, భూగోళం, ప్రపంచ చరిత్ర. గట్టిగా దెబ్బకొట్టేవి బైబిల్, అమెరికా అధ్యక్షులు, షేక్‌స్పియర్, ఒపెరా, బ్రాడ్‌వే, పాత అమెరికన్ టీవీ, కాక్‌టెయిల్స్. ఇవన్నీ పిల్లల సెక్షన్‌లోనో (కాక్‌టెయిల్స్ మినహా) సన్నటి పుస్తకాల్లోనో దొరుకుతాయి. సివిల్స్‌కో గ్రూప్స్‌కో చదివిన అనుభవం ఉన్నవాళ్లకు ఈ కష్టం కొత్త కాదు.

బజర్ సంగతి ముందుగానే తెలుసుకోండి, చాలామంది ఓడిపోయేది అక్కడే. ప్రశ్న చదవడం పూర్తయ్యాక బోర్డు పక్కన లైట్లు వెలుగుతాయి. అప్పుడే నొక్కాలి. ముందే నొక్కితే పావు సెకను మీ బజర్ పనిచేయదు, ఆ పావు సెకనులో పక్కవాడు పట్టుకెళ్లిపోతాడు. స్టేజి మీద ముగ్గురికీ చాలా జవాబులు తెలిసే ఉంటాయి. ఇంట్లో టీవీ ముందు నిలబడి, చేతిలో క్లిక్ పెన్ను పట్టుకుని, హోస్ట్ ఆఖరి మాట ముగిసిన క్షణాన నొక్కడం ప్రాక్టీస్ చేయండి. కూర్చుని కాదు, నిలబడే. అక్కడ నిలబడే ఆడాలి.

మనవాళ్లకు అవకాశం ఉందా అన్న సందేహం వద్దు. భారతీయ మూలాలున్న యోగేశ్ రౌత్ 2024లో చాంపియన్ల టోర్నమెంట్ గెలిచి 2,50,000 డాలర్లు తీసుకున్నాడు. 2022లో కాలేజీ విద్యార్థుల జాతీయ చాంపియన్‌షిప్‌ను టెక్సస్ విద్యార్థి జస్కరన్ సింగ్ గెలిచాడు, బహుమతి అంతే. ఇక స్పెల్లింగ్ బీ సంగతి చెప్పేదేముంది. 2024లో తెలుగు కుటుంబం పిల్లాడు బృహత్ సోమ టై బ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. ఆ వేగం, ఆ ఒత్తిడిలో నిలబడే అలవాటు జెపర్డీకి అచ్చంగా పనికొస్తాయి. స్పెల్లింగ్ బీ, జియోగ్రఫీ బీ, స్కూల్ క్విజ్ బౌల్ ఆడి పెరిగిన పిల్లలు పద్దెనిమిది నిండగానే జెపర్డీ ఆన్‌లైన్ టెస్టు రాయాలని నేను గట్టిగా చెబుతాను. యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి 15 సెకన్లు, ఇంట్లో కూర్చునే రాయొచ్చు, పైసా ఖర్చు లేదు.

లోపాలు కూడా చెప్పాలి. కల్వర్ సిటీలోని సోనీ స్టూడియోలో షూటింగ్. మొదటిసారి వెళ్లేటప్పుడు ఫ్లైటు, హోటలు మీ ఖర్చే. ఒక్క రోజులో ఐదు ఎపిసోడ్లు తీస్తారు, అంటే పొద్దున గెలిస్తే మధ్యాహ్నానికే మళ్లీ మళ్లీ ఆడాలి, చొక్కాలు మార్చుకుని. ఓడితే రెండో స్థానానికి 3,000, మూడో స్థానానికి 2,000 డాలర్లు. స్కోరు బోర్డు మీద ఇరవై వేలున్నా సరే, రెండో స్థానమైతే 3,000 మాత్రమే. ఇంట్లో చూసేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ప్రతి ఆటకూ ముగ్గురిలో ఇద్దరు ఇంటికి వెళ్తారు కాబట్టి, మీరు బాగా ప్రిపేరైనా సరే, ఖర్చులు పోను వెయ్యి డాలర్లతో తిరిగి రావడానికి సిద్ధపడే వెళ్లాలి.

ప్రైస్ ఈజ్ రైట్: ధరలు గుర్తుండేవాళ్లకు

దీన్ని చదువుకున్నవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. నాకది నచ్చదు. సూపర్‌మార్కెట్‌లో ఏది ఎంతో నోటికి చెప్పే అమ్మలు, అత్తలు, పిన్నులు మన ఇళ్లలో ఎంతమంది లేరు? ఆ జ్ఞానానికి డబ్బిచ్చే షో ఇదొక్కటే.

పగటి ఎపిసోడ్లలో రికార్డు 2019 అక్టోబరులో మైకేల్ స్టౌబర్‌ది, 2,62,743 డాలర్లు. అందులో 2,02,000 ఒక్క ప్లింకో (మేకుల బోర్డు మీంచి బిళ్లలు జారవిడిచే ఆట)లోనే, అదీ బహుమతులు పెంచిన ప్రత్యేక వారంలో వచ్చింది. మామూలు వారంలో అదే ప్లింకోలో అంత రాదు. రాత్రి ప్రసారమైన ప్రత్యేక ఎపిసోడ్‌లో 2008లో ఆడమ్ రోజ్ 11,53,908 డాలర్లు గెలిచాడు, అక్కడ కూడా పది లక్షలు ప్రత్యేక బోనస్. రికార్డులు రెండూ ప్రత్యేక ఎపిసోడ్ల పుణ్యమే.

కష్టపడితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. 2008లో టెర్రీ నీస్ అనే ఆయన షోకేస్ (షో చివర్లో పెట్టే బహుమతుల మూట) ధర 23,743 డాలర్లని చెప్పాడు. అసలు ధర సరిగ్గా 23,743. ఒక్క డాలరు కూడా తేడా లేదు. సెట్ మీద అందరూ మోసం జరిగిందేమోనని కంగారుపడ్డారు. ఆయనా, ఆయన భార్యా వెళ్లే ముందు నెలల తరబడి షో రికార్డు చేసుకుని చూసి, ఒకే వస్తువులు ఒకే ధరకు మళ్లీ మళ్లీ వస్తున్నాయని పట్టుకుని గుర్తుపెట్టుకున్నారు. అలాంటి పని ఇంట్లో ఎవరైనా చేయొచ్చు.

ఎంపిక పద్ధతి కూడా మిగతా వాటికి పూర్తిగా భిన్నం. టెస్టు లేదు. ఉచిత టికెట్ తీసుకుని గ్లెండేల్ స్టూడియోకి వెళ్తే, లైన్‌లో నిలబడ్డవాళ్లతో ప్రొడ్యూసర్ కొద్ది సేపు మాట్లాడతాడు. ఎవరిలో హుషారుందో చూసి, ఎపిసోడ్‌కి తొమ్మిది మందిని పిలుస్తారు. మొహమాటం ఎక్కువున్నవాళ్లకు కష్టం. గలగలా మాట్లాడేవాళ్లకు, కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోయేవాళ్లకు పండగ. ఇంగ్లీషులో యాస ఉన్నా ఫర్వాలేదు, ఉత్సాహం కావాలి. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, లేదా ఎలాగూ డిస్నీల్యాండ్, యూనివర్సల్ చూడ్డానికి కాలిఫోర్నియా వెళ్తున్న కుటుంబాలు ఒక రోజు దీనికి పెట్టడం మంచి ఆలోచన. దీని కోసమే బోస్టన్ నుంచి ఫ్లైట్ ఎక్కొద్దు.

పెద్ద చిక్కు ఏమిటంటే గెలిచేది ఎక్కువగా వస్తువులు. కారు, ఫర్నిచర్, ట్రిప్. బదులుగా డబ్బివ్వమంటే ఇవ్వరు. పన్ను మాత్రం డబ్బుగానే కట్టాలి, అదీ మార్కెట్ విలువ మీద.

వీల్ ఆఫ్ ఫార్చ్యూన్: ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు

మన మొదటి తరానికి నేను దీన్ని సిఫార్సు చేయను. ఎందుకో చెబుతాను. చక్రం తిప్పి, అక్షరాలు ఊహిస్తూ దాచిన మాటలు కనిపెట్టే ఈ షోలో మిలియన్ గెలిచిన పజిళ్లు చూడండి. 2008లో మిషెల్ లోవెన్‌స్టీన్‌కి "లీకీ ఫాసెట్", 2013లో ఆటమ్ ఎర్‌హార్డ్‌కి "టఫ్ వర్కౌట్", 2014లో సారా మాంచెస్టర్‌కి "లౌడ్ లాఫ్టర్", 2025లో క్రిస్టినా డెరెవ్యానిక్‌కి "ప్యాక్ ఆఫ్ కయోటీస్". ఒక్కటి కూడా కష్టమైన మాట కాదు. కానీ కొన్ని అక్షరాలు మాత్రమే కనిపిస్తుండగా పది సెకన్లలో నోటికి రావాలంటే, ఆ మాటల జతలు చిన్నప్పటి నుంచి చెవిన పడి ఉండాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివి పాతికేళ్ల వయసులో వచ్చినవాళ్లం కొళాయి కారుతోందని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు "ట్యాప్" అనే అంటాం, "ఫాసెట్" అనం. ఇక్కడ పెరిగిన మన పిల్లలకు ఆ బాధ లేదు.

డబ్బు లెక్క కూడా చూడండి. మిలియన్ ముక్క 2008లో చక్రం మీదికొచ్చింది. అది గెలవాలంటే చక్రం తిప్పినప్పుడు దాని మీద పడాలి, ఆ పజిల్ మీరే చెప్పాలి, ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఒక్కసారి కూడా ఉన్నదంతా ఊడ్చేసే బ్యాంక్‌రప్ట్ ముక్క మీద పడకూడదు, ఆ ఎపిసోడ్‌లో మీరే అందరికంటే ముందుండాలి, బోనస్ చక్రంలో 24 కవర్లలో ఆ ఒక్క కవరు రావాలి, చివరి పజిల్ చెప్పాలి. 2008 నుంచి 2025 మే దాకా మామూలు పోటీదారుల్లో దీన్ని దాటినవాళ్లు పైన చెప్పిన నలుగురే. ఆ నలుగురూ 10.17 లక్షల నుంచి 10.35 లక్షల డాలర్ల మధ్య ఆగారు, ఎందుకంటే ఇక్కడ గెలిచినా మళ్లీ రేపు రమ్మనరు. జెపర్డీకీ దీనికీ ఉన్న తేడా ఇదే. ఒక్క అరగంటలో ఎంత వస్తే అంత.

దీనికో మంచి కూడా ఉంది. జెపర్డీలో ఓడిన రోజు కంటే ఇక్కడ ఓడిన రోజు మెరుగ్గా ఉండొచ్చు. ఒక రౌండ్ గెలిస్తే ఆ రౌండ్ డబ్బు మీదే, చివరికి మూడో స్థానంలో ఉన్నా ఎవరూ వెనక్కి తీసుకోరు.

చేతికి వచ్చేది ఎంత

ఇది మరిచిపోయి షో ఎంచుకోవద్దు. బహుమతి మొత్తం మామూలు ఆదాయంలో కలుస్తుంది, 1099-మిస్క్ ఫారం వస్తుంది. ఈ మూడు షోలూ కాలిఫోర్నియాలోనే తీస్తారు కాబట్టి, మీరు వేరే రాష్ట్రంలో ఉన్నా కాలిఫోర్నియా తన వాటా అడుగుతుంది. బయటి రాష్ట్రాల వాళ్ల చెక్కులోంచి 7 శాతం ముందే పట్టుకుంటారు. ఉదాహరణకు టెక్సస్‌లో పెళ్లికాని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఏడాదికి 1,20,000 జీతం. జెపర్డీలో 50,000 గెలిచాడనుకుందాం. కాలిఫోర్నియా ముందే 3,500 ఆపుతుంది. జీతం మీద వచ్చి పడిన ఈ యాభై వేలూ 24 శాతం శ్లాబులోకి వెళ్తాయి, ఫెడరల్ పన్ను 12,000. చేతిలో మిగిలేది ఇంచుమించు 34,500. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం ఇక్కడ ఏ రకంగానూ కాపాడదు.

అదే యాభై వేలు ప్రైస్ ఈజ్ రైట్‌లో కారు రూపంలో వస్తే, ఆ పదిహేను వేల పైచిలుకు మీ బ్యాంకు ఖాతాలోంచి తీసి కట్టాలి. కారు అమ్మితే షోరూమ్ ధర రాదు. బహుమతి వద్దనే హక్కు మీకుంది, అవసరమైతే వాడుకోండి.

ఎఫ్-1 మీద చదువుతున్న పిల్లలు ఇంకో సంగతి చూసుకోవాలి. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో వాళ్లు నాన్ రెసిడెంట్లు. వాళ్ల బహుమతి మీద ఫెడరల్ పన్ను కింద 30 శాతం ముందే పోతుంది. మన దేశంలో టీవీ షోలో కోటి రూపాయలు గెలిచినా 30 శాతం పన్ను, దాని మీద సర్‌చార్జీ, సెస్సూ కలిపి 34 శాతానికి పైనే కట్టాల్సిందే కాబట్టి ఇది వినడానికి కొత్తగా ఉండదు, కానీ దానికి తోడు కాలిఫోర్నియా 7 శాతం కూడా ఉందని గుర్తుంచుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు ఏ షోకైనా అప్లికేషన్ పెట్టే ముందు ఆ షో అర్హత నిబంధనలు పూర్తిగా చదివి, ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగడం మంచిది. ఆ సంప్రదింపు ఫీజు దండగ కాదు.

జెన్నింగ్స్ 75వ ఆటలో ఓడిన ప్రశ్న కూడా పన్నుల చుట్టూ తిరిగిందే. ఏటా నాలుగు నెలలే పనిచేసే డెబ్భై వేల మంది తాత్కాలిక ఉద్యోగులున్న సంస్థ ఏదని అడిగితే ఆయన ఫెడెక్స్ అన్నాడు. జవాబు ట్యాక్స్ రిటర్నులు వేసిపెట్టే హెచ్ అండ్ ఆర్ బ్లాక్.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

ముప్ఫైల్లో నలభైల్లో ఉండి, క్విజ్‌లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఆలోచించకుండా జెపర్డీ టెస్టు రాయండి. ఏడాదికోసారి రాయొచ్చు, మొదటిసారి పిలుపు రాకపోయినా ఆపొద్దు. ఆర్నెల్లు పిల్లల పుస్తకాలు, పెన్ను ప్రాక్టీసు, డెయిలీ డబుల్ వచ్చినప్పుడు ఎంత కాయాలో ముందే నిర్ణయించుకోవడం. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నాకు తెలిసిన సబ్జెక్టులో పదివేలుంటే పదివేలూ కాస్తానని ఇంట్లోనే తీర్మానించుకుని వెళ్లాలి, స్టేజి మీద ధైర్యం తెచ్చుకుందాంలే అంటే రాదు.

ఇక్కడ పుట్టి, మాటల ఆటలు, క్రాస్‌వర్డులు ఇష్టపడే కాలేజీ పిల్లలైతే వీల్ ఆఫ్ ఫార్చ్యూన్‌కి వీడియో పంపండి. జెపర్డీ టెస్టు కూడా రాయండి, రెండూ ప్రయత్నించడంలో తప్పు లేదు. ముందు ఏది పిలిస్తే దానికి వెళ్లే లోపు మరో షోలో కనిపించిన వాళ్ల మీద ఉన్న ఆంక్షలు ఒకసారి చూసుకోండి.

గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గర స్థిరపడి, కాస్ట్‌కో ధరలు వేళ్ల మీద చెప్పే అమ్మానాన్నలను ప్రైస్ ఈజ్ రైట్‌కి తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఒక రెండు నెలలు రోజూ షో చూసి, కార్లు, ఫ్రిజ్‌లు, ట్రిప్పుల ధరలు ఒక నోట్‌బుక్‌లో రాయించండి.

ఎక్కడ గెలిచినా ఎపిసోడ్ ప్రసారమయ్యేదాకా ఫలితం బయట చెప్పకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. డబ్బు కూడా వెంటనే రాదు, ప్రసారమైన తర్వాత నెలలు పడుతుంది. ఆ డబ్బు వచ్చిన మూడు నెలల కాలానికి ఐఆర్‌ఎస్‌కి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టాల్సి రావచ్చు. ఏప్రిల్ దాకా ఆగితే పెనాల్టీ పడే వీలుంది కాబట్టి, చెక్కు ఖాతాలో పడిన రోజే మూడో వంతు తీసి వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి ఉంచండి.